గోడ అవతల రివర్స్ హారన్

మా పెద్దబాపు పోయాడు. మా బాపుకు అన్న, మాకు గోడ పక్క ఇల్లు. శేరిగూడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీకి బస్సు నడిపేవాడు. ఈ ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున, ఇబ్రహీంపట్నంలో మా సందు చివర నిలిపి ఉన్న బస్సుకు అద్దాలు కడుగుతూ, చేతిలో తడిగుడ్డ అలాగే ఉండగా మెట్టు మీద కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు. వచ్చి చూసిన డాక్టరు గుండె ఆగిందన్నాడు, దవాఖానకు తీసుకుపోయే పని లేదన్నాడు.

ఆ కబురు నాకు గోడలోంచి వచ్చింది. నేను అప్పుడే ఇన్సులిన్ వేసుకుని ఉప్మా పళ్లెం ముందు కూర్చున్నాను. చెంచా ఇంకా ఎత్తలేదు. గోడ అవతల పెద్దమ్మ కేక వినబడింది. అమ్మా నేనూ పళ్లెం అక్కడే వదిలేసి పరుగెత్తాం. ఆ పళ్లేన్ని మీరు కాస్త గుర్తు పెట్టుకోండి. సూది వేసుకున్న మనిషి తినకుండా ఉండకూడదు. ఒంట్లోకి పోయిన మందు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. చావింట్లో ఉన్నామని దానికి తెలియదు.

పెద్దబాపు గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. కాలేజీవాళ్లు ప్రార్థన అప్పుడు మౌనం పాటించారు, ఆ తర్వాతి రోజు నుంచి బస్సుకు కొత్త డ్రైవరు వచ్చాడు. వాళ్లను తప్పుపట్టను, బస్సు పోవాలి కదా. నా వరకు మాత్రం ఆయన గురించి చెప్పకపోతే ఊపిరి ఆడేట్టు లేదు.

నాకు పదమూడో ఏట షుగర్ వచ్చింది. పెద్ద వయసులో వచ్చేది వేరు, నాది వేరు. నా ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారు కాదు, బయటి నుంచి పోసుకోవాల్సిందే. తిన్నప్పుడల్లా సూది. షుగర్ పైకి పోతే మెల్లమెల్లగా మనిషిని తింటుంది. కిందికి పోతే అంత ఓపిక పట్టదు, నిలబడ్డ చోటే పడేస్తుంది. మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ బట్టల దుకాణంలో పనికి పోతుంది, దీపాలు పెట్టే వేళకు గానీ ఇంటికి రాదు. పెద్దబాపుకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. కాబట్టి నన్ను తిట్టే హక్కంతా ఆయనదే. దాన్ని ఆయన ఏనాడూ వృథా పోనివ్వలేదు.

ఖాకీ చొక్కా, దానికి రెండు పెద్ద జేబులు, మాట మాత్రం మొరటు. బస్సు ఎక్కే పిల్లలు మెట్ల దగ్గర ముచ్చట్లు పెడితే, "జల్దీ ఎక్కుండ్రి. ఈ బస్సు మీది కాదు, నాది కాదు, గడియారానిది" అనేవాడు. ఎండలకు మాడి రంగు తేలిన మెడ, స్టీరింగు పట్టి పట్టి గట్టిపడ్డ అరచేతులు. నవ్వితే మీసం ఒక పక్కకు పోయేది. అది నవ్వో వెక్కిరింతో చాలామందికి ఆఖరుదాకా అర్థం కాలేదు.

ఆ కాలేజీలోనే నాకు ల్యాబులో ఉద్యోగం దొరికింది. మా ఇంటి నుంచి శేరిగూడ ఎంత దూరం? ఆటో ఎక్కితే కునుకు పట్టేలోపు వచ్చేస్తుంది. అయినా సాయంత్రం నేను పెద్దబాపు బస్సు ఎక్కి, తుక్కుగూడ దాకా పోయి, పిల్లలందరూ దిగాక ఖాళీ బస్సులో మళ్లీ వెనక్కి ఇబ్రహీంపట్నం వచ్చేదాన్ని. ఆయన పట్టుదల అది. "మీ అమ్మ వచ్చేదాక ఒక్కదానివి ఇంట్ల ఏం జేస్తవ్? నా కండ్ల ముంగట ఉండు" అన్నాడు. లోకంలో అందరూ దగ్గరి దారి వెతుక్కుంటారు, నేను రోజూ చుట్టు తిరిగి ఇల్లు చేరేదాన్ని. రెండో వరసలో కిటికీ సీటు నాది, ఆయన తలపైన ఉన్న అద్దంలో సరిగ్గా కనబడే సీటు.

ఒక సాయంత్రం అద్దంలో నేను నిద్రపోతున్నట్టు కనబడ్డాను. పిల్లలూ అలాగే అనుకున్నారు, పుస్తకం ఒళ్లో పెట్టుకుని మేడం పడుకుందని చప్పుడు చెయ్యకుండా దిగిపోయారు. అందరూ దిగాక పెద్దబాపు వచ్చి లేపాడు. నేను లేవలేదు.

ఆ తర్వాతది నాకు తెలియదు, అడిగి తెలుసుకున్నది. అంత పెద్ద బస్సును ఒక చిన్న దవాఖాన గేటులోకి దూర్చాడట. పైన బోర్డు ఒకటి వంగిపోయిందట. నాకు తెలివి వచ్చేసరికి చేతికి గ్లూకోజు ఎక్కుతోంది, మంచం పక్కన ఆయన నిలబడి ఉన్నాడు.

"నిద్రకూ దీనికీ ఫరక్ అద్దంల తెలుస్తలేదు బిడ్డా" అన్నాడు. "ఇంకేదన్న ఉపాయం గావాలె."

ఆ ఉపాయం డాక్టరమ్మ చెప్పింది. భుజం వెనక అతికించుకునే ఒక గుండ్రటి బిళ్ల. చర్మం కింద షుగర్ ఎంతుందో అది ఎప్పటికప్పుడు చూసి నా ఫోనుకు చెబుతుంది. నేను ఒప్పుకుంటే నా ఫోను ఇంకొకరి ఫోనుకూ చెబుతుంది. తెర మీద ఒక అంకె, దాని పక్కన ఒక బాణం. అంకె ఇప్పుడు ఎక్కడున్నామో చెబుతుంది, బాణం ఎటు పోతున్నామో చెబుతుంది. ఇంకొకరి ఫోను ఎవరిదని అడిగేలోపే పెద్దబాపు తన ఫోను డాక్టరమ్మ బల్ల మీద పెట్టేశాడు.

ఆ బిళ్లకు ఆయన పెట్టిన పేరు గుండీ. "గుండీ ఊడలేదు కద?" అని బస్సు ఎక్కగానే అడిగేవాడు. పక్కన కొత్తవాళ్లు ఎవరైనా ఉంటే నా చొక్కా వైపు అనుమానంగా చూసేవారు.

మొదట్లో ఆ యాప్‌తో మా ఇద్దరికీ రోజూ పంచాయితీ. బాణం పైకి చూపిస్తే ఆయనకు సంబరం. "మస్తు ఎక్కుతున్నది బిడ్డా, నాలుగో గేర్ల" అని ఫోను చేసేవాడు. పైకి పోవడమూ మంచిది కాదని నేను చెప్పాల్సి వచ్చింది.

"పైకి పోతే తప్పు, కిందికి పోతే తప్పు. గిదేం రోడ్డే?"

"అడ్డంగ పోవాలె పెద్దబాపు. ఎక్కుడు దిగుడు లేకుంట."

"గట్లయితే ఔటర్ రింగు రోడ్డన్నట్టు" అన్నాడు.

ఇక అప్పటి నుంచి అంతే. బాణం అడ్డంగా, నిలకడగా ఉందంటే నేను ఔటర్ ఎక్కినట్టు. పొద్దున గోడ మీంచి తొంగి చూసి, "ఔటర్ మీదనే ఉన్నవా?" అనేవాడు. "అవ్ పెద్దబాపు, ఔటర్ మీదనే" అంటే ఆ రోజుకు ఆయన చాయ్ రుచిగా ఉండేది. "అంకెలు నువ్వు జూస్కో, బాణం నేను జూస్త" అని పని పంచుకున్నాడు. పంపకం ఏకపక్షంగా జరిగినా, సరిగ్గానే జరిగింది.

షుగర్ పడిపోతుంటే ఆయన ఫోను మోగాలి. యాప్‌లో ఉన్న చప్పుళ్లేవీ ఆయనకు నచ్చలేదు. ఒకటి పిట్ట కూసినట్టు ఉందన్నాడు, ఒకటి గుడి గంట లాగా ఉందన్నాడు, ఒకటి వింటే తనకే గుండె జబ్బు వచ్చేట్టు ఉందన్నాడు. ఆఖరికి ఒక రోజు బస్సును వెనక గేరులో పెట్టి, దిగి, వెనక నిలబడి, ఆ రివర్స్ హారన్ చప్పుడును ఫోనులో పట్టుకున్నాడు. బస్సు వెనక్కి వచ్చేటప్పుడు సన్నగా, ముక్కుతో పాడినట్టు మోగే ఆ ముక్క మీరు వినే ఉంటారు. ఏ పాటో ఎవరికీ తెలియదు, అందరికీ పరిచయమే. దాన్నే అలారంగా పెట్టమని నా దగ్గర పట్టుపట్టి కూర్చున్నాడు. ఎందుకని అడిగితే, "గీ చప్పుడుకు నేను ఏడున్నా ఎనకకు తిరిగి జూస్త. డ్రైవరుకు గది రక్తంల ఉంటది" అన్నాడు.

బస్సు నడుపుతూ ఫోను ముట్టుకునే మనిషి కాదు. కుడి జేబులో రివర్స్ హారన్ మోగితే ముందు బస్సును పక్కకు తీసి ఆపేవాడు, నాలుగు మూలలా లైట్లు మినుకుమినుకుమనేట్టు పెట్టేవాడు, ఆ తర్వాతే ఫోను తీసి చూసి అద్దంలోంచి నా ముఖం చూసేవాడు. మొదటిసారి పిల్లలు కంగారుపడ్డారు. బస్సు ముందుకు పోతుంటే వెనక్కి వస్తున్న చప్పుడేమిటని ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. తర్వాత అందరికీ అలవాటైపోయింది. ఆ చప్పుడు వస్తే చాలు, "మేడం తినాలె" అని వెనక సీట్ల నుంచి చేతుల మీదుగా తినుబండారాలు ముందుకు వచ్చేవి. చిప్స్ పొట్లం, కమలాపండు, మూత తీసిన టిఫిన్ డబ్బా.

పెద్దబాపు వాటిని ఒక్కొక్కటి పట్టుకుని చూసేవాడు. "గిది కారం. గిది ఉప్పు. ఇంజనీర్లు గాబోతున్నరు, తీపికీ కారానికీ ఫరక్ తెల్వదా మీకు?"

అలా అని ఆయనకు మొదటి నుంచీ తెలుసని కాదు. తొలి రోజుల్లో పల్లిపట్టీలు జేబులో పెట్టుకుని తిరిగేవాడు, బాణం కాస్త వంగితే చాలు ఒకటి నా చేతిలో పెట్టేవాడు. పల్లీలు నెమ్మదిగా అరుగుతాయి, షుగర్ వెంటనే లేవదు. లేవలేదని ఇంకొకటి పెట్టేవాడు. ఇల్లు చేరేసరికి నేను ఔటర్ దాటి కొండెక్కేదాన్ని. డాక్టరమ్మ నవ్వి, పడిపోతుంటే ఉత్త చక్కెర చాలు, చక్కెర వేసి పావుగంట ఆగి మళ్లీ చూడాలి, తొందరపడి తినిపించవద్దు అంది. తినిపించడం సులువు, ఆగడమే ఆయనకు కష్టం. కానీ ఆ మాటను ఎక్కడో దాచుకున్నాడు. కొన్నాళ్లకు అది ఆయన సొంత మాటై బయటికి వచ్చింది. వెనక పిల్లలు లేటవుతుందని గొణిగితే, "ఆగిన బస్సుతోని ఎవలికీ నష్టం లేదు" అనేవాడు.

డాక్టరమ్మ చెప్పిన రోజు నుంచి ఎడమ జేబులో చక్కెర పొట్లాలు వచ్చాయి. గోడకు వేలాడే క్యాలెండరు నుంచి చింపిన ఆనాటి తారీఖు కాగితాన్ని పెద్దబాపు పారేసేవాడు కాదు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, దాంట్లో రెండు చెంచాల చక్కెర పోసి, కిరాణా కొట్లో కట్టినట్టు మూలలు మడిచి పొట్లం కట్టేవాడు. ఒక్క గింజ కారేది కాదు. కాబట్టి నేను తిన్న ప్రతి పొట్లం మీదా ఏదో ఒక తిథి, ఏదో ఒక నక్షత్రం, ఏదో ఒక దుర్ముహూర్తం ఉండేది. "గీ అష్టమి నిన్ను ఏం జెయ్యలే, మింగేసినవ్" అని నవ్వేవాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఒక మధ్యాహ్నం ల్యాబులో నాకు పరీక్ష డ్యూటీ పడింది, ఫోను స్టాఫ్ రూములో వదిలి పోయాను. ఫోను దూరమైతే గుండీ మాట ఎవరికీ చేరదు. పెద్దబాపు తెర మీద అంకె ఉండాల్సిన చోట ఒక గీత వచ్చింది, బాణం మాయమైంది. ఆయన కాలేజీ గేటు బయట చింతచెట్టు నీడన మిగతా డ్రైవర్లతో కూర్చుని ఉన్నాడు. బాణం లేదంటే బిడ్డ లేదనే అనుకున్నాడు. నడిచి రావచ్చు కదా? డ్రైవరు కదా, నడక ఆయనకు తోచలేదు. బస్సు తీసుకుని, పూలకుండీల మధ్య నుంచి, బస్సులు రాకూడని దారిలో, సరాసరి మా ల్యాబు మెట్ల దాకా వచ్చేశాడు. పరీక్ష రాస్తున్న పిల్లలు తలెత్తి చూస్తే కిటికీ నిండా పసుపు రంగు.

నేను బయటికి వచ్చాను. ఆయన స్టీరింగు మీద రెండు చేతులు పెట్టుకుని నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"బాణం ఏమైంది?"

"ఫోను స్టాఫ్ రూముల ఉన్నది పెద్దబాపు. నేను మంచిగనే ఉన్న."

"తిన్నవా?"

"తిన్న."

వెనక గేరు వేశాడు. ఆ సన్నటి పాట పాడుకుంటూ బస్సు పూలకుండీల మధ్య నుంచి మెల్లగా వెనక్కి పోయింది. ప్రిన్సిపాల్ గారు ఆయన్ను పిలిపించి గట్టిగానే మందలించారు. ఆయన తల వంచుకుని విన్నాడట, ఆఖర్న, "సార్, ఫోను దగ్గర పెట్టుకొమ్మని మీరొక మాట జెప్పుండ్రి పిల్లకు" అని ప్రిన్సిపాల్‌నే పనికి పురమాయించాడట. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వచ్చి కోపంగా అరిచాను కూడా. ఇప్పుడు ఆ పసుపు కిటికీ తలుచుకుంటే కడుపు నిండిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి మాత్రం ఖాళీ బస్సు సాయంత్రాలు. తుక్కుగూడలో ఆఖరి పిల్లాడు దిగాక బస్సులో మేమిద్దరమే. సీట్లన్నీ ఖాళీ, ప్రతి కిటికీలోంచీ ఒక ముక్క ఎండ లోపలికి వచ్చి ఖాళీ సీటు మీద కూర్చునేది. బస్సు మలుపు తిరిగితే ఆ ఎండ ముక్కలన్నీ లేచి సీట్లు మారేవి. నేను రికార్డు పుస్తకాలు దిద్దుతూ దిద్దుతూ ఆపేసి ఆ ఎండను చూసేదాన్ని.

అప్పుడప్పుడు అక్కడే షుగర్ జారేది. ముందుగా శబ్దాలు దూరమవుతాయి. ఇంజను పక్క ఊళ్లో ఎక్కడో నడుస్తున్నట్టు ఉంటుంది. రోడ్డు పక్క వేపచెట్లు నీళ్ల అడుగున పెరిగినట్టు మెత్తగా ఊగుతాయి. నా చేతులు నావి కావేమో అనిపిస్తుంది, అయినా భయం వెయ్యదు, అదే దానిలోని మోసం. హాయిగా ఉంటుంది. ఆ హాయిలోకి ఎక్కడి నుంచో ఒక బస్సు వెనక్కి వస్తున్న పాట వినబడుతుంది. ఆ తర్వాత బస్సు ఆగినట్టు, ఎవరో మెట్లు ఎక్కి వచ్చినట్టు, నాలుక మీద చక్కెర.

శేరిగూడ దాటాక దూరంగా చెరువు తెల్లగా కనబడే చోటు ఒకటుంది. ఎక్కువసార్లు అక్కడే ఆగేవాళ్లం. ఆయన ఇంజను బంద్ చేసి, నా ముందు సీటులో వెనక్కి తిరిగి కూర్చుని, ఫోను మోకాలి మీద పెట్టుకునేవాడు. మేమిద్దరం బాణం కోసం ఎదురుచూసేవాళ్లం. వేడెక్కిన ఇంజను చల్లారుతూ టిక్కు టిక్కుమనేది. చెరువు మీంచి కొంగలు పోయేవి. ఆ పావుగంటల్లో పెద్దబాపు లారీ నడిపిన రోజుల గురించి చెప్పేవాడు. కోహెడ వైపు తోటల నుంచి మామిడికాయ వేసుకుని పోతుంటే క్యాబిన్ అంతా వాసన పట్టి, ఇంటికి వచ్చాక పెద్దమ్మ తన చొక్కా ఉతకకుండా రెండు రోజులు అలాగే ఉంచిందని చెప్పాడు. నిజంగా జరిగిందో, నా మగతలో నేను కల్పించుకున్నానో ఇప్పటికీ తెలియదు. పెద్దమ్మను అడగలేదు. అడిగితే ఆ వాసన పోతుందేమోనని.

"వచ్చే ఏడు బస్సు ఇడిచిపెడ్త బిడ్డా" అన్నాడు ఒకసారి అక్కడే. "కండ్లు ముందటి లెక్క లేవు. ఫోను మాత్రం ఇడువ. దానికి లైసెన్సు అక్కర లేదు గద."

ఇక ఆ పొద్దుటికి రావాలి.

ఆయన్ను వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. ఖాకీ చొక్కా బస్సు అద్దానికి వేలాడుతుంటే ఎవరో తెచ్చి తలాపు దగ్గర గోడ మేకుకు తగిలించారు. పెద్దమ్మ ఆయన తల దగ్గర, అమ్మ ఆమెను పట్టుకుని పక్కన, నేను కాళ్ల దగ్గర. మా దగ్గర శవం లేచేదాకా ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఇంటి మనుషులు పచ్చి మంచినీళ్లు ముట్టరు. ఎవరూ నియమం అని చెప్పక్కర్లేదు, ఆకలి అన్న మాటే గుర్తు రాదు. గోడకు ఇవతల నా ఉప్మా పళ్లెం ఉందని నాకూ గుర్తు రాలేదు, అమ్మకూ రాలేదు. నా ఫోను వచ్చే పోయే ఫోన్లకు మోగి మోగి విసిగిస్తుంటే, దాని గొంతు నేనే నొక్కేసి ఒళ్లో బోర్లా పెట్టుకున్నాను.

ఎండ ఎక్కింది. పాడె కడుతున్నారు. వచ్చినవాళ్ల ఏడుపులు నెమ్మదిగా దూరమయ్యాయి. వాకిట్లో వేసిన టెంటు గుడ్డ నీళ్లలా ఊగింది. పెద్దబాపు ముఖం మీద ఎండ ముక్క ఒకటి పడి, మెల్లగా పక్కకు జరిగింది, బస్సు మలుపు తిరిగినట్టు. నాకు ఏడుపు ఆగిపోయింది. చాలా హాయిగా ఉంది. ఆయన పక్కన అలాగే పడుకుందామనిపించింది.

అప్పుడు రివర్స్ హారన్ మోగింది.

సందులో నిలబడ్డవాళ్లంతా గోడ వైపు జరిగారు. శ్మశానానికి తీసుకుపోయే బండి వెనక్కి వస్తోందనుకున్నారు. ఒకాయన ఎక్కడా లేని బండికి చెయ్యి ఊపుతూ, "రానీ, రానీ, ఇంక రానీ" అని దారి కూడా చూపించాడు. చప్పుడు ఆగడం లేదు, బండి రావడం లేదు. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

పెద్దమ్మ తలెత్తింది. మేకుకున్న చొక్కా వైపు చూసింది, ఆ తర్వాత నా వైపు. నా ముఖంలో ఏం కనబడిందో గానీ లేచి నిలబడింది. చొక్కా కుడి జేబులో ఫోను వెలుగుతూ పాడుతోంది. ఆమె ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. పొట్లం ఉంది.

"ఏందమ్మా గిది?" అంది ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె. "శవం ఇంట్ల ఉండంగ తింటరా ఎవలన్న?"

"ఆయినే తినుమంటుండు" అంది పెద్దమ్మ. "మీకు ఇనబడ్తలేదా?"

పొట్లం మూల పంటితో చింపి, నా గడ్డం పట్టుకుని, చక్కెర నోట్లో పోసింది. ఆమె వేళ్లకు పసుపు ఉంది, నా బుగ్గలకు అంటింది. అమ్మకు అప్పుడు పళ్లెం గుర్తొచ్చి నెత్తి కొట్టుకుంది. నేను నమిలాను. గట్టిగా, కరకరమని, అంతమంది చూస్తుండగా, ఆయన పాదాల దగ్గర కూర్చుని. పొట్లం కాగితం మీద ముందు రోజు తారీఖు ఉంది. ఆ సాయంత్రమే అరుగు మీద కూర్చుని మూలలు మడిచాడు.

పాడె తయారైంది, లేపుదామన్నారు మగవాళ్లు. పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగుండ్రి. పిల్ల బాణం సీదా కానియ్యుండ్రి."

"ఎండ ఎక్కుతున్నదమ్మా, పొద్దు పోతున్నది."

"ఆగితె ఎవలికీ నష్టం లేదు" అంది ఆమె. ఆయన మాటే, ఆయన గొంతుతోనే. "ఎన్నిమార్లు ఆపలేదు బస్సు? ఇయ్యాల తను ఆగుతడు."

ఆగారు. ఎవరో డప్పు కూడా ఆపించారు. బస్సులో పిల్లలు కూర్చున్నట్టు ఆ సందులో మనుషులంతా గమ్మున నిలబడ్డారు. పెద్దమ్మ ఫోను తన మోకాలి మీద పెట్టుకుని కూర్చుంది. ఆమెకు అంకెలు రావు, "ఎటున్నదే, ఎటున్నదే" అని అడుగుతూనే ఉంది. నేను కిందికి అన్నాను. జరసేపటికి కొంచెం వంగి ఉంది అన్నాను. శబ్దాలు ఒక్కొక్కటి దగ్గరికి వచ్చాయి, ఏడుపులు, కాకులు, టెంటు గుడ్డ టపటప. నా చేతులు మళ్లీ నావయ్యాయి. వాటితో పాటు దుఃఖమూ నాదైంది. బాణం అడ్డంగా పడుకుంది.

వంగి ఆయన చెవి దగ్గర చెప్పాను. "ఔటర్ ఎక్కిన పెద్దబాపు."

అప్పుడు లేపారు.

నేను ఇప్పుడు ఆటోలో పోయి వస్తున్నాను. కునుకు పట్టేలోపు ఇల్లు వచ్చేస్తుంది, అదే బాధ. కొత్త డ్రైవరు మంచివాడే, కాలేజీ గేటు దగ్గర చెయ్యి ఊపుతాడు. ఫోను సంగతి అమ్మ అడిగింది, ఇక తన ఫోనుకు కలుపుకుందామా అని. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "అంకెలు నాకు తెల్వయి. మోగేది తెలుస్తది. మోగితే గోడ కొడ్త. నువ్వు తిరిగి కొట్టకుంటే నేనే వస్త" అంది. రోజూ పొద్దున ఫోను చార్జింగుకు పెట్టి, పూజ గూట్లో ఆయన ఫోటో పక్కన నిలబెడుతుంది. క్యాలెండరు కాగితాలు ఆమే చింపుతోంది. ఆమె కట్టే పొట్లాల మూలలు సరిగ్గా రావు, చక్కెర కారుతుంది, మా గోడ పొడుగునా చీమలు బారు కట్టాయి. వాటిని ఎవరం ఏమీ అనడం లేదు.

నిన్న సాయంత్రం మళ్లీ జారింది. కిటికీలో ఎండ పచ్చగా ఉంది. గోడ అవతల ఆ సన్నటి పాట మొదలైంది, ఆ వెనకే గరిటెతో గోడ మీద టకటక. నేను తిరిగి కొట్టాను. పొట్లం విప్పి చక్కెర నోట్లో పోసుకుని, బాణం కోసం చూస్తూ కూర్చున్నాను. పాట ఇంకా ఆగలేదు. ఖాళీ సీట్ల నిండా ఎండతో ఒక పసుపు బస్సు మా సందులోకి మెల్లగా వెనక్కి వస్తోంది. మంచం మీద కూర్చున్న నేను, తెలియకుండానే, దానికి దారి ఇవ్వడానికి కాళ్లు కాస్త దగ్గరికి ముడుచుకున్నాను.